కుషారో ఒడ్డున చెంపదెబ్బ

బిహోరో,
ఆగస్టు 19

మిత్సుయో అక్కకు తమ్ముడు కియోహారు నమస్కారాలు.

మీ కుషిరోలో పొగమంచు విడిచి నాలుగు రోజులైనా ఎండ కాసిందనుకుంటాను. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన ఖర్బూజాల పెట్టె నిన్న అందింది. మీ సయో చేసిన పొరపాటుకు క్షమాపణ అడుగుతూ అందులో నువ్వు పెట్టిన చీటీ చదివాక, ఒక్క పండు కూడా కోయడానికి చేతులు రాలేదు.

జాతీయ పార్కులో గుడారం వేసుకున్న మొదటి రోజు హాయిగానే గడిచింది. సయో, మా హొనోకా కుషారో సరస్సు ఒడ్డున ఇసుక తవ్వి, ఊరిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ‘ఈ అగ్నిపర్వతం నిద్రపోయిందన్నావుగా మామయ్యా, పొయ్యి ఆర్పడం మర్చిపోయినట్టుంది. బియ్యం పట్రా!’ అని సయో నన్ను ఆటపట్టించింది.

రెండో రోజు పొద్దున మా ఆవిడ అకియే వంట చేస్తోంది. ఒడ్డున కట్టిన అద్దె పడవ తాడు ఊడిపోయింది. అందులో ఆరేళ్ళ హొనోకా ఒక్కతే ఉంది. గాలికి పడవ దూరంగా పోతుంటే, సయో బట్టలతోనే దూకి, ఈదుకుంటూ వెళ్ళి, తోసుకుంటూ వెనక్కి తెచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల! పెదవులు నల్లబడి, వణుకుతూ ఒడ్డెక్కింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా అక్కా? చెంప మీద కొట్టాను. ‘తాడు గట్టిగా కట్టమంటే కట్టవా? బుద్ధుందా నీకు?’ అని మీద పడి అరిచాను.

పక్క గుడారంలోని పెద్దావిడ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ‘ఏమయ్యా, ప్రాణం కాపాడిన పిల్లని కొడతావా?’ అని నిలదీసింది. సయో మాత్రం తల వంచుకుని, ‘తప్పు నాదే అత్తయ్యా, ముడి నేనే వదులుగా వేశాను’ అని అకియేతో చెప్పింది.

కొట్టినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. మన్నించమని అడిగే మొహం కూడా లేదు. సయోను ఏమీ అనకు.

నీ తమ్ముడు,
కియోహారు

తా.క. పైన రాసింది మళ్ళీ చదువుకున్నాను. నీ దగ్గరా దాచాను అక్కా. ఆ తాడు కట్టింది నేను. సయోను కట్టెలకు పంపి, హొనోకాను పడవలో కూర్చోబెట్టి, కారు వెనక నక్కి బీరు తాగుతూ కూర్చున్నాను. ఇక చుక్క ముట్టనని ఒట్టు వేశాకే కదా, ఈ వసంతంలో అకియే నన్ను మళ్ళీ ఇంట్లోకి రానిచ్చింది! నేను మీద పడి అరిచినప్పుడే సయోకు వాసన తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో పెట్రోలు బంకు దగ్గర, ఎందుకమ్మా అలా చెప్పావని అడిగాను. ‘నిజం చెబితే అత్తయ్య నిన్ను పంపించేస్తుందిగా. హొనోకా ఏడుస్తుంది మామయ్యా’ అంది. అప్పుడు కూడా నేను అకియేకు నిజం చెప్పలేదు.

ఈ కవరు అంటించడం లేదు. నీ చిరునామా రాసి అకియే ముందు పెడుతున్నాను. చదివి, తననే పోస్టు చేయమంటాను. ఇది నీ చేతికి వచ్చిందంటే తనకు తెలిసినట్టే. ఆ తర్వాత నేను ఈ ఇంట్లో ఉన్నా లేకపోయినా, ముందు దీన్ని సయోకు చదివి వినిపించు.