రేడియేటర్లో కొబ్బరినీళ్లు

ఒరేయ్ వైసాలే,

ఇందుమూలముగా సమస్త ద్వీపవాసులకు తెలియజేయడమేమనగా, మా ముసలి ట్రక్కు ఈ ఉదయం కొండెక్కుతూ కుతకుత ఉడికి, పొగలు కక్కి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

మొన్న దాన్ని పెళ్లికి తీసుకెళ్లింది నువ్వే. మేనల్లుడు అడిగితే మామ కాదనకూడదని ఆచారం పెట్టినవాడికి ట్రక్కు ఉండి ఉండదు. తిరిగొచ్చి "దారిలో వేడెక్కింది మామా, నీళ్లు పోశాను" అన్నావు. ఏం నీళ్లురా అవి? ఫ్యాను తిరుగుతోంది, బెల్టు బిగువుగానే ఉంది, ఎక్కడా కారడం లేదు. ఇంజన్ వేడినిబట్టి నీళ్లు వదిలే థర్మోస్టాట్ విప్పితే ముదురుపాకం పట్టి మూసుకుపోయి ఉంది. నాకి చూశాను. కొబ్బరి! పక్కనే వాగు పారుతుంటే చెట్టెక్కి కాయలు కోశావా, గాడిదా? నువ్వు పోస్తుంటే ఆ వాగు ఒడ్డునుండే అపెనిసా తాత కళ్లారా చూశాడు.

గురువారం లంబాసా ఆసుపత్రిలో మీ అత్తకి కంటి ఆపరేషన్. ఇది తప్పితే మళ్లీ ఆరు నెలలకే. బుధవారానికల్లా కొత్త థర్మోస్టాట్ పట్టుకుని రా. రేడియేటర్ కడిగేదీ నువ్వే.

ఇట్లు,
మండిపోతున్న నీ మామ

తా.క. తాత ఏమీ చూడలేదు. అది నేను అల్లిన అబద్ధం. కానీ ఆ మాట దగ్గర నీకు ముచ్చెమటలు పోసి ఉంటాయి. నాకా సాక్ష్యం చాలు.