కోడిపిల్లలు పైలం, వదినా

వదినకు నమస్కారాలు. నువ్వు పోయి పది నెలలయింది.

ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదేమని అంటావేమో... రాద్దామని కలం పట్టుకున్నా, ఒకసారి కాదు. కానీ ఏం రాయను? నీ కోళ్లను ఒక్కొక్కటే పోగొట్టుకుంటున్నానని రాయనా? ఈ రోజు పొద్దున నల్లపెట్ట తన పిల్లల్ని ముక్కుతో పొడిచి దూరం తరిమింది, ఇక మీ తిండి మీరు ఏరుకోండని. అది చూశాక నాకు కడుపు నిండినట్టయింది. నీకు చెప్పడానికి ఒక మంచి మాట దొరికిందని ఇప్పుడు కూర్చున్నా.

దవాఖానలో చివరిరోజు నువ్వు నీ తమ్ముడి గురించి అడగలేదు, నా గురించి అడగలేదు. నా చెయ్యి పట్టుకుని "నా కోళ్లు జర పైలం" అన్నావు. అంతే. నాకు కోపమే వచ్చింది, నిజం చెబుతున్నా. నేను కోడిని తినను, ముట్టను. తులసికోట ముందు ముగ్గు పెడితే పిండి ఏరుకుతింటాయని నీ మీద ఎన్నిసార్లు అలిగానో నీకు తెలుసు. కాపాడమని అలాంటిదాని చేతిలో పెట్టి పోతావా...

పిల్లి సంగతి తొందరగానే తేలింది. బావురుపిల్లి ఒక రాత్రి గూటికి అడ్డం పెట్టిన చెక్కను జరిపి రెండు పెట్టల్ని ఈడ్చుకుపోయింది. నీ తమ్ముడు పరకాల నుంచి ఇనుప తీగల జాలి తెచ్చి, వడ్లాయనతో గూటికి తలుపు, గొళ్లెం పెట్టించాడు. ముంగిస తవ్వకుండా అడుగున బండలు పరిపించాడు. రాత్రిళ్లకు ఇక ఫికరు లేదు.

పగలే కష్టం. గద్ద...

నువ్వున్నప్పుడు మన పెరట్లోకి గద్ద దిగినట్టు నాకు గుర్తే లేదు. ఎందుకు దిగలేదో నువ్వు పోయాక తెలిసింది. అరుగు మీద కూర్చుని పప్పు చెరుగుతూనే "నీ నోట్లె మన్నుబడ! నీ రెక్కలిరుగ! ఇటు దిక్కు సూసినవంటే సూడు!" అని నువ్వు ఒర్రితే వాడకట్టంతా వినబడేది. నేను సిగ్గుతో లోపలికి పోయేదాన్ని. దడి లేని పెరటికి నీ గొంతే దడి అని నాకేం తెలుసు? "మెట్రిక్ సదివినవ్ గని, పిట్టను అదిలిచ్చరాదు నీకు" అని నవ్వేదానివి.

నేనేం చేశానో వింటే ఇప్పుడూ నవ్వుతావు. ముందు "ష్... ష్..." అంటూ చప్పట్లు కొట్టా. తాటిచెట్టు మీది గద్ద తల కూడా తిప్పలేదు. కర్రకు నల్లగుడ్డ కట్టి పాతా. కొన్నాళ్లు బెదిరింది, తర్వాత ఆ కర్ర మీదనే వచ్చి కూర్చుంది. నీ తమ్ముడి ట్రాన్సిస్టర్ అరుగు మీద పెట్టి గట్టిగా మోగించా. పొలం ముచ్చట్లు అయిపోయేదాకా నిమ్మళంగా విన్నది. చివరికి పూజ గంట తెచ్చి పెరట్లో నిలబడి వాయించా. గద్ద పోలేదు కానీ, హారతి ఇస్తున్నాననుకుని పక్కింటి లచ్చవ్వ దోసిలి పట్టుకుని వచ్చింది!

అట్లా దసరా తర్వాత లేచిన పిల్లలన్నీ పోయాయి. నల్లపెట్ట రెండు రోజులు పెరడంతా తిరుగుతూ పిలిచింది. దాని వెనక నేనూ తిరిగా... ఏం చెయ్యను?

ముసలిది కదా, ఇంక పొదగదనుకున్నా. ఎండలు ముదరకముందే మళ్లీ గుడ్ల మీద కూర్చుంది. నీ కోళ్లలో మిగిలిన పెట్ట అదొక్కటే, వదినా. ఈ పిల్లలు కూడా పోతే నీ కోళ్ల సంతు ఇక ఉండదు. నువ్వు అడిగిన ఒక్క మాట కూడా నిలబడదు. గంప కింద మూసి కాపాడదామనుకున్నా. మట్టి గీరుకోక, ఎండ తగలక ముడుచుకుపోయాయి. "గంప కింద ఉంచితే అవి కోళ్లయితయా? గుమ్మడికాయలైతయి" అనేదానివి. గంప తీసేశా.

ఇక ఆ శనివారం సంగతి చెప్పాలి. శనివారం పూజ అయ్యేదాకా నేను నోరు తెరవనని నీకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. దీపం వెలిగించి స్వామికి తులసి వేస్తున్నా. వెనక తలుపు తెరిచే ఉంది. నల్లపెట్ట గొంతు మారింది. "మీదికి సూడకు యశోదా, పెట్టను సూడు. మెడ వంకర వెట్టి ఒక్క కన్నుతోని సూసిందంటే మీద వాడున్నట్టే" అని నువ్వే కదా చెప్పింది... చూస్తే దాని మెడ వంకరగానే ఉంది. నీడ ఒకటి పెరడు మీద జారింది.

లేచి తలుపు దాకా పోయా. చేతిలో తులసి. నోరు తెరవొద్దు. చప్పట్లు కొట్టనా? గంట తేనా? ఆలోచించే లోపలే గద్ద దిగి ఒక పిల్లను ఎత్తుకుని లేచింది.

"నీ నోట్లె మన్నుబడ!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అంత గొంతు నాలో ఎక్కడ ఉన్నదో... దాని వెనకనే రెక్కలిరుగ, గూడు గూల, నువ్వు తిట్టిన తిట్లన్నీ వరసగా వచ్చాయి. ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు. గద్ద బెదిరి, పెరడు దాటకముందే పిల్లను గడ్డికుప్ప మీద జారవిడిచింది.

లచ్చవ్వ చీపురుతో ఉరికొచ్చింది. నువ్వే తిరిగొచ్చావనుకున్నదట పాపం, చెమటలు పట్టాయి దానికి. నీ తమ్ముడు సగం గడ్డానికి సబ్బుతో వచ్చి నిలబడ్డాడు. నన్ను చాలాసేపు చూసి లోపలికి పోయి, గీసుకోకుండా అద్దం ముందు ఊరికే కూర్చున్నాడు. నీ గొంతు విన్నట్టయిందేమో... నేను అడగలేదు.

పూజ మధ్యలో లేచా. మౌనం పోయింది. పైగా తిట్లు. స్వామి ముందు చెంపలేసుకున్నా. తప్పేనా వదినా? ఏమో... అప్పటి నుంచి పీటను పెరడు కనబడేటట్టు వేసుకుంటున్నా. శనివారం మౌనం మానలేదు. కానీ గద్ద వస్తే లెక్కలోకి తీసుకోవద్దని స్వామికి ముందే చెప్పుకుని కూర్చుంటున్నా.

పడిన పిల్లకు పసుపు అద్దా. ఒక కాలు కొంచెం ఈడుస్తుంది కానీ నూకలు చల్లితే అదే ముందు ఉరుకుతుంది. అన్నీ ఇప్పుడు గద్ద ఎత్తలేనంత అయ్యాయి. పుంజుల సంగతి నీ తమ్ముడు చూసుకుంటాడు, నేను అడగను. పెట్టలు మాత్రం మన పెరట్లోనే ఉంటాయి. మాటిస్తున్నా.

ఇంకొక్కటి. ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో, ఎవరికీ చూపించకు. మీ అమ్మ కూడా అక్కడే ఉంటుంది కదా... నేను కాపురానికి వచ్చిన రోజే, కోడలి గొంతు వాకిలి దాటొద్దని చెప్పింది. ఆమె పోయాక కూడా నేను దాటనియ్యలేదు. ఇప్పుడు రోజూ వాడకట్టు దాటుతున్నది. మానుకోవాలని కూడా అనిపిస్తలేదు...

నువ్వు అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదువుతావు. ఈ ఒక్కసారికి నా లెక్క మెల్లగా, మీ అమ్మకు వినబడకుండా చదువుకో.

నీ మరదలు
యశోద