పెద్దమ్మ పేరున మిషను లేసు

2008 జూన్ 2, సోమవారం. ఉ. 6.00
మన వెబ్‌సైటు మొదలైంది! పేరు ‘మాణిక్యాంబ లేసు’. మాణిక్యాంబ అంటే మా పెద్దమ్మ. నరసాపురంలో నలభై ఏళ్లుగా చేత్తో లేసు అల్లుతోంది. ఫొటో అనగానే పట్టుచీర కట్టుకొచ్చింది.
ప్రతిజ్ఞ: పెద్దమ్మ అల్లింది తప్ప ఇంకేదీ అమ్మను. పెద్దక్షరాలతో రాసి నా నెట్ సెంటర్ గోడకి అంటించాను.

జూన్ 9
సైటు పద్నాలుగుసార్లు తెరిచారు. పన్నెండుసార్లు నేనే.

జూన్ 17
ఆర్డరు! బెంగళూరులో ఉన్న ఫణిశ్రీ అనే తెలుగావిడ టేబుల్ క్లాత్ అడిగింది. పెద్దమ్మ ఇరవై రోజులు కావాలంది. సైటులో పది అని రాసి ఉంది. అది అబద్ధం కాదు, ఆశ.

జూలై 12
ఫణిశ్రీగారు తెగ మెచ్చుకుని పదిమందికి చెప్పారు. కొత్త ఆర్డర్లు ముప్ఫై ఒకటి! అందులో ఒకటి మళ్లీ ఆవిడదే. కాస్త తొందరగా అల్లమన్నాను. పెద్దమ్మ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. వచ్చేశాను.

జూలై 16
సూరత్ నుంచి మిషను లేసు తెప్పించాను. కారణాలు:
1. ఈ ఒక్కసారికే.
2. పెద్దమ్మ కళ్లకి విశ్రాంతి.
3. దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంది.
గోడ మీద ప్రతిజ్ఞ కనబడకుండా క్యాలెండరు తగిలించాను. మేకు అక్కడే ఉంది మరి.

జూలై 24
ముప్ఫై ఒక్కటీ పంపేశాను. సైటులో పెద్దమ్మకి అయిదు తరాల వారసత్వం ఇచ్చాను. నిజానికి నేర్పింది పక్కింటి రాజరత్నంగారు. ప్రతి పార్సెల్‌లో పెద్దమ్మ సంతకం. ఆవిడ వేసేది వేలిముద్ర, కాబట్టి సంతకం నాది. చిరునామా కూడా ఆవిడ ఇంటిదే. నా నెట్ సెంటర్ పేరుంటే ఎవరు కొంటారు?

ఆగస్టు 6. మ. 3.00
ఫణిశ్రీగారి రెండో పార్సెల్ తిరిగొచ్చింది. నేరుగా పెద్దమ్మ ఇంటికి. లోపలున్న ఉత్తరం పెద్దమ్మ నన్నే పిలిచి చదవమంది.
“అమ్మా, ఇది మీ చేతిపనిలా లేదు. ఒంట్లో బాగాలేదా? తొందరేం లేదు, ముందు ఆరోగ్యం చూసుకోండి.”
తిడుతూ రాసినా బాగుండేది. పెద్దమ్మ ఆ లేసు కొస పట్టుకుని లాగింది. రాలేదు.
“చేతి లేసైతే కొస లాగితే ఊడొచ్చేస్తాదిరా గణేషూ. తప్పు పడితే ఇప్పేసి మళ్లీ అల్లుకుంటాం. ఇదెలా ఇప్పుతాం?”
చచ్చేంత సిగ్గేసింది.
“ఆ అమ్మాయికి నేను బాగానే ఉన్నానని రాయి. ఇది నేనల్లింది కాదని కూడా రాయి. ఇంకా ఎంతమందికి పంపావో, అందరికీ రాయి.”

ఆగస్టు 7. ఉ. 6.00
ప్రతిజ్ఞ, మొదటి రోజు: పెద్దమ్మ అల్లింది తప్ప ఇంకేదీ అమ్మను.
రాయాల్సిన ఉత్తరాలు ముప్ఫై ఒకటి. ఫణిశ్రీగారితో మొదలుపెట్టాను. ‘పొరపాటున మిషను లేసు పంపాను’ అని రాశాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, ‘పొరపాటున’ కొట్టేశాను.
ఇంకా ముప్ఫై.