ట్యాంకు మీద బురద

డిసెంబరు 6
కోహరు గదిలో మళ్ళీ థిన్నర్ వాసన. కిటికీ తెరవమన్నాను. తెరిస్తే తడి పెయింటు మీద దుమ్ము పడుతుందట. ఊపిరాడక పోతే ఆ పెయింటు ఎవరు చూస్తారన్నాను.

నా మనవరాలు. పదిహేడేళ్ళు. ఏప్రిల్లో స్కూలు మానేసి నగోయా నుంచి నా దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి గడప దాటలేదు. కావలసినవన్నీ పోస్టులో వస్తాయి. మా షిజువొకలో ప్లాస్టిక్ మోడళ్ళ ఫ్యాక్టరీలో పని చేసినవాళ్ళు వీధికొకరుంటారు. మా ఆయన కూడా అక్కడ అచ్చులు చేసినవాడే. అయినా ఆడపిల్లకు ఈ యుద్ధ ట్యాంకు బొమ్మ ఎందుకో నాకు అర్థం కాదు.

డిసెంబరు 9
ట్వీజర్లోంచి ఒక ముక్క ఎగిరిపోయింది. హెడ్‌లైటు. బియ్యపు గింజంత కూడా లేదు. ఇద్దరం చాప మీద బోర్లా పడుకొని టార్చి వేసి వెతికాం. అన్నం చల్లారిపోయింది. చివరికి నా మేజోడుకు అంటుకొని కనిపించింది. "నువ్వు కదలకు నాయనమ్మా, ఊపిరి కూడా పీల్చకు" అంది. ఈ ఇంట్లో నన్ను అలా ఆజ్ఞాపించినవాళ్ళు లేరు. కదల్లేదు.

డిసెంబరు 15
ట్యాంకు చైను పూర్తయింది. ఒక్కో లింకు విడిగా అతికించాలి. రెండుసార్లు తెగిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఒకసారి తలుపు వెనక ఏడుపు వినిపించింది. నేను లోపలికి వెళ్ళలేదు.

ఇవాళ తనే పిలిచింది. చైను నిజంగా ఇనుపదానిలా చక్రాల మీదికి బరువుగా వాలి ఉంది. ఒళ్ళంతా మెరిసే ఆకుపచ్చ. ఎలా ఉందని అడిగింది. "బాగానే ఉంది, పరుపు మడిచావా?" అన్నాను. ఇంకేదైనా అనవలసింది.

జనవరి 11న టౌన్ హాల్లో మోడళ్ళ ప్రదర్శన ఉంది. మోడళ్ళ దుకాణం మొచిజుకి గారు ఫోను చేసి అడిగితే, తన ట్యాంకు పక్కన తనే నిలబడతానని ఒప్పుకుందట. అంతమంది మనుషుల ముందు. నేను ముఖం తిప్పుకొని టీ పోశాను. కప్పులో కన్నా బల్ల మీదే ఎక్కువ పడింది.

డిసెంబరు 28, మధ్యాహ్నం
కోహరు బయటికి వెళ్ళింది! ఒక్కతే, బస్సులో. మొచిజుకి గారి దుకాణంలో ఏదో ఆఖరి స్ప్రే కొనాలట. పోస్టు వచ్చేదాకా ఆగలేనంది.

ఏడాది చివరి ఇల్లు కడగడం ఇవాళే పెట్టుకున్నాను. దాని గది కూడా చేసేస్తాను. తిరిగి వచ్చి చూసుకొని సంతోషిస్తుంది.

డిసెంబరు 28, సాయంత్రం
రాయాలంటే సిగ్గుగా ఉంది.

బల్ల మీద ట్యాంకు గోధుమరంగు దుమ్ము పట్టి ఉంది. చక్రాల మధ్య మురికి. రెండు వారాలుగా తలుపు వేసే ఉంది కదా, విసుగొచ్చి వదిలేసిందనుకున్నాను. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్. మూలమూలలా తోమాను. మళ్ళీ ఆకుపచ్చగా తేలింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

చలికి ఎర్రబడ్డ బుగ్గలతో వచ్చింది. చేతిలో స్ప్రే డబ్బా. ట్యాంకును చాలాసేపు చూసింది. కడిగావా అని అడిగింది. "కాస్త దుమ్ము దులిపాను" అన్నాను. సింకులో బురదరంగు టూత్‌బ్రష్ అలాగే పడి ఉంది. అదీ చూసింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

స్ప్రే డబ్బా వంటగదిలోనే వదిలేసింది. కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. పైన అద్దిన రంగుపొడి రాలిపోకుండా పట్టి ఉంచడానికట.

అది దుమ్ము కాదు. రెండు వారాలు కూర్చొని పొరపొరగా అద్దిన బురద. దాన్ని నిలుపుకోవడానికే పిల్ల గడప దాటింది.

డిసెంబరు 29
ఉన్నది ఉన్నట్టు రాస్తాను. విరిగినవి: హెడ్‌లైటు, వెనక కొక్కెం, కుడి చైనులో కొన్ని లింకులు. హెడ్‌లైటు సింకు గొట్టంలోకి పోయింది. దులపలేదు. తోమాను.

జనవరి 1
సూపులో ఒక్క మోచీ బియ్యపు ముద్ద తింది. ప్రదర్శన సంగతి ఎత్తాను. "ఏం చూపించను నాయనమ్మా? ఎక్కడికీ వెళ్ళని ట్యాంకులా ఉంది" అని లేచిపోయింది.

జనవరి 3
ఇంకో తప్పు చేశాను. కోహరు స్నానానికి వెళ్ళినప్పుడు పెరట్లో తేయాకు పొద కింది మట్టి తెచ్చి, నీళ్ళు కలిపి, ట్యాంకుకు పూశాను. ఊడిన లింకులు అతికించబోయాను. ఆ గ్లూ ప్లాస్టిక్కునే కరిగిస్తుందని నాకు తెలియదు. ముందు రేకు మీద నా బొటనవేలి ముద్ర దిగిపోయింది.

తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఇదేంటి నాయనమ్మా? ఈ గులకరాయి డ్రైవరు తలకాయంత ఉంది! కొండ విరిగి పడిందా దీని మీద?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

చాప మీద మోకరిల్లాను. చేతులు ఆనించి నుదురు నేలకు తాకించాను. దులిపానన్నది అబద్ధమని చెప్పాను. నాకన్నా చిన్నవాళ్ళ ముందు ఇలా వంగడం ఇదే మొదలు.

"లే నాయనమ్మా, మోకాళ్ళు పట్టేస్తాయి" అంది. ఆ తర్వాత అంది, అన్నిటికన్నా తనకు బురద వేయడమే ఇష్టమని. ట్యాంకు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పేది అదేనట.

తల ఎత్తలేకపోయాను.

జనవరి 7
కోహరు మళ్ళీ బురద వేస్తోంది. రంగు సుద్దలు నూరి టీ జాలీలో జల్లించడం నా పని. పిండి కన్నా మెత్తగా ఉండాలి. నూరిందల్లా వెనక్కి పంపుతోంది. "ఇంకా ఇసుకలాగే ఉంది టీచరమ్మా, మళ్ళీ చెయ్యండి" అంటుంది. ఒకప్పుడు బడిలో పిల్లల నోటుపుస్తకాలు అలాగే వెనక్కి పంపినదాన్ని. మళ్ళీ నూరాను.

హెడ్‌లైటు దొరకదు. యుద్ధంలో పోయిందని చెబుతుందట. ఎవరికి చెబుతావని నేను అడగలేదు. అడగడానికి భయం.

నా వేలిముద్రను గీకి తీసేయమన్నాను. ఉండనీ అంది. నన్ను శిక్షించడానికో, మరెందుకో.

జనవరి 11, ఉదయం
వాన. ట్యాంకును పెట్టెలో పెట్టుకొని ప్రదర్శనకు వెళ్ళింది. నన్ను రావద్దంది. న్యాయమే.

సాయంత్రం
బస్సెక్కకుండా అబె నది గట్టు మీదుగా నడిచి వచ్చిందట. గుమ్మంలో దాని బూట్లు. చీలమండల దాకా బురద.

ముట్టుకోలేదు.