చిగుళ్ల రంగు అతుకు

చిట్టితల్లీ,

ఎన్నో ముద్దులతో అమ్మ రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ దస్తూరీ చూస్తే తెలిసింది. అక్షరాలు మళ్లీ గుండ్రంగా వస్తున్నాయి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రమే సణుగుతోంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక మీ నాన్న ఇంట్లో తిన్నగా ఉన్న తలుపులన్నీ బాగుచేసి పాడుచేశారు. ఇక మూడోది. తాతయ్య ప్లాస్టిక్ శాక్సాఫోన్ ఇంకా అటక మీదే ఉంటే పారేయమన్నావు, చూడలేనన్నావు. పారేయలేదు. బాగుచేశాను.

ముప్పయ్యేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తున్నదాన్ని, నాకు ముందే ఎందుకు తట్టలేదో! కిందటి నెల దాని పగిలిన మూతిని ఆకురాయితో గీకితే, నా పనిబల్ల మీద రోజూ వచ్చే వాసనే వచ్చింది, అదీ పళ్ల సెట్ల ప్లాస్టిక్కే. చిగుళ్లకు వాడే పొడీ ద్రవమూ కలిపి, ముద్ద చేసి, పగుల్లో కూరాను. గట్టిపడ్డాక నున్నగా రుద్దాను. అతుక్కుంది. కాకపోతే నా దగ్గరున్నది చిగుళ్ల రంగే కదా, మీగడ రంగు ఒంటి మీద గులాబీ చార తేలింది. "పళ్లొస్తున్న పాపాయిలా ఉంది" అన్నారు మీ నాన్న. తుప్పు పట్టిన స్ప్రింగులూ, మీటల కింది తోలు బిళ్లలూ ఆయనే మార్చారు. చిటికెనవేలి మీట నీకు అందేది కాదు కదా, బీరువాలోంచి పోయినసారి నువ్వు మరిచిపోయిన చేతి తొడుగు తీసి కొలుచుకుని, పళ్లు చేసే తెల్ల ముద్దతో దానికి ఎత్తు కట్టాను.

సోమవారం పళ్ల సెట్టు కోసం వచ్చిన పెద్దాయన ఒకప్పుడు బ్యాండులో శాక్సాఫోనే వాయించేవారట. కొత్త పళ్లు పెట్టి, కొరికి చూడమని బిస్కెట్టు ఇవ్వబోతే, వద్దని నా బల్ల మీదున్న మన శాక్సాఫోన్‌నే అడిగారు. మొదటిసారి ఊదగానే పళ్లు జారాయి. అందరం నవ్వాం, ఆయనతో సహా. సెట్టు సరిచేసి ఇచ్చాను. ఈసారి పాట వచ్చింది. ఎదురు కొట్టు దర్జీ మిషను ఆపేసి గుమ్మంలోకి వచ్చాడు. దవడ పట్టుకుని కూర్చున్నావిడ కాలితో తాళం వేసింది.

పాట మధ్యలో ఆగి, "ఈ మీట ఎవరి వేలికి చేశావమ్మా?" అని అడిగారు. మా అమ్మాయి కోసమన్నాను.

"మరి తను వాయించదా?"

ఆయనకు చెప్పనిది నీకు చెబుతున్నాను.

పదకొండేళ్ల కిందట, అందరం అనుకున్నట్టు, నువ్వు దాన్ని కుర్చీ అంచున వదల్లేదు. బల్ల మీదే పెట్టి వెళ్లావు. దుమ్ము దులుపుతూ నేనే కుర్చీలోకి మార్చాను. నా మోచెయ్యే తగిలి కింద పడింది. నీ వల్లే పగిలిందనుకుని నువ్వు తాతయ్య ముందు వెక్కివెక్కి ఏడుస్తుంటే, నాకు నోరు పెగల్లేదు. మా నాన్న ప్రాణంగా చూసుకున్న వస్తువది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయారు, నువ్వు వాయించడం మానేశావు. తప్పు నీది కాదు తల్లీ. ఏనాడూ కాదు.

నిన్న మీ నాన్నకు చెప్పాను. ఆయన లేచి వెళ్లి పెద్ద అట్టపెట్టె తెచ్చి, "చుట్టడానికి పాత దుప్పట్లున్నాయా?" అన్నారు.

ఈ ఉత్తరం వెనకే పార్సిలు వస్తుంది. కోపమొస్తే ఫోను చేసి తిట్టు, కడుపునిండా తిట్టు, వింటాను. తిట్టడానికి మాటలు రాకపోతే, ఫోను బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా వాయించు. మేమిద్దరం వింటాం.

ఇట్లు,
ఫోను పక్కన కుర్చీ వేసుకున్న
మీ అమ్మ