మొలతాడున కారు తాళం

చిరంజీవి లిఖితకు నానమ్మ దీవించి రాసేది. పర్ణశాల నుంచి క్షేమంగా పెనుబల్లి చేరాం.

ఫోన్ చేస్తే పుస్తకం మూసి బస్సెక్కుతావని కార్డు రాస్తున్నాను. మీ తాతయ్య బీరువా తాళంలాగే కారు తాళాన్నీ మొలతాడుకు కట్టుకుని గోదావరిలో మునిగారు. ముడి జారి తాళం నీళ్లలో పోయింది. భద్రాచలం నుంచి వచ్చిన తాళాలతను చేసిచ్చిన మామూలు తాళంతో తలుపు తెరుచుకుంది గానీ ఇంజిన్ స్టార్ట్ కాలేదు.

"తాళం తిరుగుతుంది గదా, ఇంకేంది దీని మొండితనం?" అన్నారు తాతయ్య.

"తిరిగితే చాలదు. తాళంలో ఉండే చిప్‌ను బండి గుర్తుపట్టాలి. దొంగల కోసం పెట్టిన కాపలా అది," అన్నాడు తాళాలతను.

"నేను దొంగనా?"

"బండికేం తెలుసు?" అన్నాను.

నీ దగ్గరున్న రెండో తాళం తెప్పిద్దామన్నారు. పరీక్ష పాడవుతుందని నేను ఒప్పుకోలేదు. మర్నాడు ఖమ్మం నుంచి ఒకాయన యంత్రం తెచ్చి, చిప్ ఉన్న కొత్త తాళాన్ని బండికి పరిచయం చేశాడు. అప్పుడు ఎదురుగా లేని తాళాలన్నిటినీ బండి మరిచిపోతుందట. కాబట్టి నదిలోది ఎవరికి దొరికినా భయం లేదు. నీ తాళం కూడా ఇప్పుడు తలుపే తీస్తుంది.

పచ్చడి సీసాలో తడి గరిటె పెట్టకు. హాస్టల్ రసీదు జాగ్రత్త చెయ్యి. తాతయ్య మొలతాడుకు ఇక బీరువా తాళమే. కారుది నా దగ్గరుంది.

నీ తాళం పనికిరాదని పారేయకు. సెలవులకు తీసుకురా, బండికి మళ్లీ పరిచయం చేయిద్దాం. ఈ ఇంట్లో రెండో తాళం నీదే.

నిండు ఆయుష్షుతో, మంచి మార్కులతో ఉండు.

నానమ్మ సుబ్బరత్నం