ఎనిమిది బ్యాంకుల పెళ్లిచూపులు

ఖాజాగూడ

శ్రీగంధం అపార్ట్‌మెంట్స్ అధ్యక్షురాలు కమలమ్మ గారికి,

నమస్కారాలు. రాష్ట్ర విద్యుత్ సంస్థకు ఎనిమిది విదేశీ బ్యాంకులు కలిసి ఒకే అప్పు ఇవ్వబోతున్నాయి. ఆ ఎనిమిదింటినీ ఒక్కతాటి మీదికి తెచ్చే పని మా బ్యాంకుది. ఆ డబ్బుతో కట్టే సబ్‌స్టేషన్లలో ఒకటి మీ ప్రగతి నగర్ కాలనీకి వస్తుంది. సంతకాలకు ముందు బ్యాంకుల వాళ్లు గురువారం సాయంత్రం ఏడింటికి వచ్చి, మీ కరెంటు పరిస్థితి స్వయంగా చూస్తారు. దయచేసి సహకరించండి.

భవదీయురాలు,
నీహారిక

తా.క. ప్రత్యేకమైన ఏర్పాట్లేమీ అవసరం లేదు.

*

ప్రగతి నగర్

చిరంజీవి నీహారికను ఆశీర్వదించి కమలమ్మ రాసేది. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

మీ వాళ్లు వచ్చి వెళ్లినప్పటి నుంచి కాలనీలో ఒకటే సంబరం. నేను దోసెల పిండి అమ్ముకునేదాన్ని తల్లీ. రోజూ సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ పడిపోయి గ్రైండర్ మూలుగుతుంది. ఇప్పటికే రెండు మోటార్లు కాలిపోయాయి. ఇంకొకటి పోతే దుకాణం కట్టేయడమే. ఆ సబ్‌స్టేషన్ నాకెంత అవసరమో వేరే చెప్పాలా.

అప్పిచ్చేవాళ్లు వస్తున్నారంటే పెళ్లిచూపులవాళ్లు వస్తున్నట్టే కదా. వాళ్ల ముందు మన లోటుపాట్లు పెట్టుకుంటామా? వీధంతా తిరిగి ఏసీలు, కూలర్లు, మోటార్లు అన్నీ ఆపించాను. కింది ఫ్లోర్ ఓబులేసు, "మే నెలలో ఏసీ ఆపితే నా పానం పోతాదక్కా" అన్నాడు. "గంటసేపే కదా, ఓర్చుకో" అన్నాను. లైట్లు ఎంత నిలకడగా వెలిగాయో నువ్వూ చూశావు. జపాన్ బ్యాంకు తనకా గారైతే మీటరు పెట్టి చూసి తల కూడా ఊపారు. సంబంధం ఖాయమైనట్టే.

ఇట్లు,
కమలమ్మ

తా.క. ఓబులేసు బతికే ఉన్నాడు.

*

ఖాజాగూడ

కమలమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక అసలు సంగతి తెలిసిందండీ. తనకా గారు తల ఊపింది మెచ్చుకుని కాదు. "ఇంత మంచి కరెంటు ఉన్న చోట సబ్‌స్టేషన్ ఎందుకు?" అని రాసి, తమ బ్యాంకు తప్పుకోవాల్సి వస్తుందేమో అన్నారు. ఒక్కరు తప్పుకుంటే మిగతా ఏడుగురూ చెప్పులు వెతుక్కుంటారు. ఇది నాకు అప్పగించిన మొదటి పెద్ద పని. సంతకాలు జరగకపోతే మళ్లీ ఎవరూ నన్ను నమ్మి ఏదీ ఇవ్వరు.

అయితే మంగళవారం మళ్లీ వచ్చి చూస్తానని ఆయనే అడిగారు. ఈసారి దయచేసి ఏదీ దాచకండి.

మీ
నీహారిక

తా.క. మాది భీమవరం. మా అక్క పెళ్లిచూపులకు పక్కింటివాళ్ల సోఫా మోసుకొచ్చిన ఇల్లు మాది. కాబట్టి మీ మీద కోపం లేదు.

*

ప్రగతి నగర్

చిరంజీవి నీహారికకు,

అర్థమైంది తల్లీ. అప్పు అడగడానికి పట్టుచీర కట్టుకుని వెళ్లాం, అదీ మా పొరపాటు. వెంటనే సెల్లార్‌లో మీటింగు పెట్టాను. మంగళవారం ఏడింటికి అన్నీ ఒకేసారి వేస్తాం. ఓబులేసు రెండు ఏసీలు, మూడో ఫ్లోర్ స్వప్న ఇస్త్రీపెట్టె, పైవాళ్ల గీజర్లు. మే నెలలో గీజరేమిటని ఎవరో సణిగారు. సబ్‌స్టేషన్ కోసం ఒక్కరోజు వేణ్ణీళ్లు పోసుకోలేరా అన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ దద్దరిల్లిపోవాలి.

ఇట్లు,
కమలమ్మ

తా.క. ఇది నాటకమని అనుకోవద్దు. రోజూ జరిగేదాన్నే కాస్త గట్టిగా చెబుతున్నాం.

*

ఖాజాగూడ

కమలమ్మ గారికి,

మీ ఉత్తరం మంగళవారం గడిచిపోయాక అందింది. అప్పటికే మీరూ తనకా గారూ ఎక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోవడం, వీధంతా చీకటైపోవడం జరిగిపోయాయి. ఆయన బయటికి వస్తూనే తమ బ్యాంకు ఉంటుందన్నారు. ఎనిమిదీ సరేనన్నాయి. ఆఫీసులో స్వీట్లు పంచుతుంటే మీ ఉత్తరం వచ్చింది. చేతిలో ఉన్నది తిరిగి డబ్బాలో పెట్టేశానండీ.

అంటే ఆ చీకటి మీరు కావాలని చేసిందా? అబద్ధం మీద వచ్చే సంతకాలు నాకు వద్దు. ఏది నిజమో రాయండి. ఏదైనా సరే, మా పైవాళ్లకు చెప్పేస్తాను.

నీహారిక

తా.క. మిగిలిన స్వీట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ జవాబు వచ్చాకే తీస్తాను.

*

ప్రగతి నగర్

చిరంజీవి నీహారికకు కోటి ఆశీస్సులు.

చేద్దామనుకున్నది నిజం. చేయలేకపోయాం, అదీ నిజమే. జపాన్ ఆయన మళ్లీ వచ్చాడనగానే వీధి వీధంతా చూడ్డానికి కిందికి దిగింది. బిల్లు కట్టేవాళ్లం కదా, అలవాటుకొద్దీ ఇళ్లలో స్విచ్చులన్నీ ఆపి మరీ దిగారు. గీజర్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు. "జపానాయప్పను చూద్దాం పాండి" అని ఓబులేసే అందరికంటే ముందు నిలబడ్డాడు.

ఫ్రిజ్జులు, వీధి దీపాలు పక్కన పెడితే ఇక నడుస్తున్నవి రెండే. ఒకటి మేమెక్కిన లిఫ్టు. రెండోది ఆయనకు దోసెలు పోద్దామని నేను పప్పు వేసి వచ్చిన గ్రైండర్. ఆ మాత్రానికే ట్రాన్స్‌ఫార్మర్ చేతులెత్తేసింది. లిఫ్టు బయటి నుంచి వాచ్‌మన్ లింగయ్య, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మాకు రోజూ గిట్లనే" అని అరిచాడు. ఆ మాట నేను నేర్పింది కాదు.

అయినా నీ ఉత్తరం చూశాక మనసు ఊరుకోలేదు. ఆదివారం తనకా గారు ఆ దోసెలు తినడానికి ఒక్కరే వచ్చారు. స్వప్న చేత ఇంగ్లీషులో మొత్తం చెప్పించాను, ఆపిన ఏసీలూ, వేద్దామనుకున్న గీజర్లూ అన్నీ. ఆయన నవ్వి, మొదటి రోజే అనుమానం వచ్చిందన్నారు. గోడల నిండా ఏసీలు పెట్టుకుని, అవి ఆపేసి, చెమటలు కారుతూ నవ్వుతున్న మమ్మల్ని చూసే మళ్లీ వస్తానని అడిగారట. చుట్టాలొస్తే వాళ్లమ్మ కూడా వాన కారే గోడకు మంచి పరదా కట్టేదట. ఈ మాటలన్నీ మీ పెద్దలకు తానే రాసి, ఆ తర్వాతే సంతకం పెడతానన్నారు. నువ్వు కూడా నా ఉత్తరాలన్నీ వాళ్లకు చూపించు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి తల్లీ. మన ఇంటిని చూసి పోయినవాడు మన మనసు కూడా చూశాడు. ఇక ఆ బీరువా తాళం తియ్యి.

ఇట్లు,
కమలమ్మ

తా.క. ఆ రోజు నా మూడో మోటారు కూడా కాలిపోయింది. ఓబులేసు తన గ్రైండర్ ఇస్తే నెట్టుకొస్తున్నాను. కొత్తదానికి మీ ఎనిమిది బ్యాంకులూ కలిసి అప్పిస్తాయేమో కనుక్కో. చూడ్డానికి వస్తే మాత్రం, ఈసారి ప్రత్యేకమైన ఏర్పాట్లేమీ చేయను.